ఇంట్లో దొరికే వస్తువులతో గిటార్ పిక్ చేసుకోవడం ఎలా?

గిటార్ తీగల్ని మీటడానికి వేళ్ల మధ్య పట్టుకునే చిన్న బిళ్లే పిక్. తీగను తాకేది పిక్ మొత్తం కాదు, దాని కొసన ఉండే రెండు మూడు మిల్లీమీటర్ల అంచు మాత్రమే. మిగతాదంతా వేళ్లతో పట్టుకోవడానికే. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఇల్లంతా ఒకసారి చూడండి. గడువు తీరిన బ్యాంకు కార్డు, చొక్కా కాలర్ నిలబడటానికి పెట్టే ప్లాస్టిక్ పట్టీ, పాడైన డీవీడీ, కొబ్బరి చిప్ప, నాణెం, తోలు బెల్టు ముక్క, అన్నీ గిటార్ మీటడానికి పనికొచ్చేవే. అలాగని చేతికందిన ప్రతిదీ మంచి పిక్ అయిపోదు. కొన్ని తీగల్ని అరగదీస్తాయి, కొన్ని గిటార్ పాలిష్‌ను గీకేస్తాయి, కొన్ని వాయిస్తుండగానే పగిలి వేలిని కోస్తాయి. దేన్ని ఎంచుకోవాలి, ఎలా కత్తిరించాలి, ఎలా నునుపు చేయాలి అన్నది వరసగా చూద్దాం.

ఇది కొత్తగా పుట్టిన వింత ప్రయోగమేమీ కాదు. సరోద్ అనే తీగవాద్యాన్ని మీటే ‘జవా’ అనే బిళ్లను కొబ్బరి చిప్పతోనే చేస్తారు. అరబ్బుల ఊద్ వాద్యాన్ని గద్ద ఈకకాడతో మీటేవారు. పియానోలాంటి పాత వాద్యం హార్ప్సికార్డ్ లోపల తీగల్ని మీటే చిన్న కొనలు కూడా ఒకప్పుడు పక్షి ఈకలతో చేసినవే. గిటార్ విషయానికి వస్తే, హాక్స్‌బిల్ జాతి సముద్ర తాబేలు డిప్పతో చేసిన పిక్కులకు చాలాకాలం గొప్ప పేరుండేది. 1920లలో సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్ వచ్చి వాటి స్థానాన్ని ఆక్రమించసాగింది. 1970లలో తాబేలు డిప్ప అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. కాబట్టి ఎక్కడైనా పాత డిప్ప దొరికినా దాని జోలికి పోకండి.

ముందు ఏ ధ్వని కావాలో తేల్చుకోండి

వస్తువుల వేట మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గిటార్ తీసుకుని పై నుంచి మూడో తీగను ముందు బొటనవేలి కండతో మీటండి. తర్వాత అదే తీగను అదే చోట గోటితో మీటండి. ఆ తర్వాత ఏదైనా గట్టి కార్డు అంచుతో మీటండి. మొదటిసారి గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది. గోరు తగిలేసరికి స్పష్టత వస్తుంది. కార్డుతో మీటినప్పుడు స్వరానికి ముందు ‘టక్’ మనే చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. మీరు చేయబోయే ఏ పిక్ అయినా ఈ మూడింటి మధ్యలోనో, కాస్త అటూ ఇటూగానో పడుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, తీగను వెడల్పుగా, మెత్తగా తాకే వస్తువు పై అనుస్వరాలను, అంటే అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలను, అణచివేస్తుంది. సన్నని, గట్టి అంచు తీగను ఒకే బిందువు దగ్గర పట్టి ఒక్కసారిగా వదిలేస్తుంది కాబట్టి పై అనుస్వరాలు బాగా మోగుతాయి. అందుకే ‘ప్రకాశవంతమైన’ ధ్వని కావాలంటే గట్టి, నునుపైన, సన్నని కొన ఉండాలి. గుండ్రని ధ్వనికి మొద్దు కొన గానీ మెత్తటి పదార్థం గానీ కావాలి. కొన ఆకారం మారిస్తే ఒకే పదార్థం రెండు రకాలుగా పలుకుతుంది. చాలామంది పదార్థాలు మారుస్తూ పోతారు గానీ అంచును పట్టించుకోరు. నా లెక్కలో అంచుకే ఎక్కువ మార్కులు.

మందం గురించి రెండు మాటలు. దుకాణాల్లో దొరికే పిక్కుల్లో సుమారు 0.6 మిల్లీమీటర్ల లోపువి పల్చనివి, 0.6 నుంచి 0.8 వరకు మధ్యరకం, అంతకు మించినవి మందమైనవి. పల్చనివి తీగలన్నిటినీ కలిపి స్ట్రమ్మింగ్ చేయడానికి హాయిగా ఉంటాయి. ఒక్కో తీగను విడిగా, వేగంగా మీటాలంటే వంగని మందపాటి పిక్ నయం.

బ్యాంకు కార్డుతో మొదలుపెట్టండి

మొదటి ప్రయత్నానికి ఇంతకు మించిన వస్తువు లేదు. బ్యాంకు కార్డుల కొలత అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉంటుంది, మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే ఏ కార్డు తీసుకున్నా సరిగ్గా మధ్యరకం పిక్ మందమే. పాత గుర్తింపు కార్డులు, సభ్యత్వ కార్డులు కూడా చాలావరకు ఇదే కొలతలో ఉంటాయి.

కావలసినవి: గట్టి కత్తెర, పెన్ను, గోళ్లు అరగదీసుకునే ఆకురాయి, 400 నంబరు, 1000 నంబరు శాండ్‌పేపర్ ముక్కలు. ఇవి లేకపోతే ఏదైనా నున్నటి సిమెంటు గచ్చు మీద అరగదీసినా పని నడుస్తుంది.

ముందుగా కార్డు నిజంగా గడువు తీరిందో లేదో చూసుకోండి. చిప్‌ను, నంబర్లను కత్తెరతో తుంచేయండి, పిక్ మీద అంకెలు మిగలకూడదు. కొత్త తరహా కార్డుల్లో, అంటే యంత్రానికి ఆనిస్తే చాలు పనిచేసేవాటిలో, లోపల అంచు వెంబడి వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. పిక్ కొన అటువైపు వస్తే కొన్నాళ్లకు ఆ రాగి బయటికి పొడుచుకొచ్చి గిటార్ తీగకు గీసుకుంటుంది. కాబట్టి కొనను కార్డు మధ్యభాగం నుంచి తీయండి. కార్డు లోహంతో చేసినదైతే దాన్ని వదిలేయండి, కత్తెర పాడవుతుంది.

పాత పిక్ ఒకటి ఉంటే దాన్ని కార్డు మీద పెట్టి చుట్టూ గీత గీయండి. లేకపోతే సుమారు 30 మిల్లీమీటర్ల పొడవు, 26 మిల్లీమీటర్ల వెడల్పుతో, మూలలు గుండ్రంగా ఉండే త్రికోణం గీసుకోండి. గీతకు ఒక మిల్లీమీటరు బయటి నుంచి కత్తిరించండి, ఆ మిగిలిన కాస్తా అరగదీతలో పోతుంది. కత్తిరించేటప్పుడు కత్తెరను తిప్పకండి, కార్డును తిప్పండి. వంపు సాఫీగా వస్తుంది.

ఇక అసలు పని. కత్తెర వదిలిన అంచు కంటికి బాగానే కనిపించినా తీగకు గరుకుగానే తగులుతుంది. ఆకురాయితో ఆకారం సరిచేశాక, 400 నంబరు కాగితాన్ని బల్ల మీద పరిచి పిక్‌ను ఏటవాలుగా పట్టుకుని రెండు వైపులా అంచును కొద్దిగా చెక్కండి. నలభై అయిదు డిగ్రీల వాలు చాలు. తర్వాత 1000 నంబరు కాగితాన్ని తడిపి నునుపు చేయండి. చివర్లో జీన్స్ గుడ్డ మీద గట్టిగా రుద్దండి, మెరుపు వస్తుంది. అయిందో లేదో తెలియాలంటే కొద్దిగా దూదిని అంచు మీదుగా లాగండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

చేతిలో జారుతుంటే మధ్యలో కాగితాలకు బెజ్జం పెట్టే పంచ్‌తో ఒక రంధ్రం చేయండి. బొటనవేలి కండ ఆ రంధ్రంలో కొద్దిగా దిగి పిక్ కదలకుండా నిలుస్తుంది. మందం ఎక్కువ కావాలంటే రెండు ముక్కల్ని సూపర్ గ్లూతో అతికించి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల బలమైన పిక్ తయారవుతుంది.

కార్డు పిక్‌కు ఒక్కటే లోపం, త్వరగా అరుగుతుంది. కార్డులు చేసే పీవీసీ మెత్తటి ప్లాస్టిక్. ఇత్తడి, కంచు చుట్టిన అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని) గిటార్ తీగల మీద గట్టిగా స్ట్రమ్మింగ్ చేస్తే కొన పళ్లుపళ్లుగా లేస్తుంది. మళ్లీ అరగదీయడమే దానికి మందు.

మిగతా ప్లాస్టిక్‌లు

ఫోన్లు విప్పడానికి పనిముట్ల పెట్టెలో వచ్చే త్రికోణపు ప్లాస్టిక్ ముక్క అచ్చం పిక్ ఆకారంలోనే ఉంటుంది. అంచు నునుపు చేస్తే చాలు. కాలర్ పట్టీ సన్నగా ఉండి పట్టుకోవడానికి ఇబ్బంది పెడుతుంది, కానీ దాని మొనదేలిన కొనతో ఒక్కో తీగా మీటితే చురుకైన ధ్వని వస్తుంది. పట్టు కోసం పై సగానికి గుడ్డ టేపు చుట్టండి.

నీళ్ల సీసాల ప్లాస్టిక్ మరీ పల్చన. కబుర్లలో వినడానికి బాగుంటుంది గానీ తీగ మీద టపటపలాడుతుంది. డబ్బాల మూతలు నయం. మూత అంచు మీద ఉండే మందపాటి చుట్టును వదిలేసి చదునైన భాగంలోంచి కత్తిరించండి. అవి మెత్తగా ఉంటాయి కాబట్టి స్ట్రమ్మింగ్‌కే వాడండి.

సీడీ, డీవీడీల విషయంలో జాగ్రత్త అవసరం. రెండింటి మందమూ 1.2 మిల్లీమీటర్లే. కానీ సీడీ ఒకే పలక, డీవీడీ 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి చేసింది. కత్తెరతో కోయబోతే రెండూ చిట్లుతాయి, ముక్కలు గాజుపెంకుల్లా కోస్తాయి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పదునైన బ్లేడుతో గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ గీసి లోతుగా గాడి పడ్డాక విరవండి, లేదా సన్న పళ్ల రంపంతో నెమ్మదిగా కోయండి. సీడీ మీది వెండిరంగు పొర రాలుతుంది, అంటుకునే టేపు వేసి లాగితే మొత్తంగా ఊడివస్తుంది. ఫలితం మాత్రం శ్రమకు తగినదే. గట్టిగా, స్పష్టంగా, కాస్త గాజులాంటి ధ్వని వస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు బాగా అతుకుతుంది.

పాత గ్రామఫోన్ రికార్డుల్లో వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి మాత్రమే తీసుకోండి. బాగా వేడి నీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడి కత్తెరకు లొంగుతాయి, చల్లారాక మళ్లీ గట్టిపడతాయి. అంతకంటే పాతవైన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు లక్కతో చేసినవి. అవి పగలడమే గానీ తెగవు. పైగా వాటిని పిక్కులుగా మార్చడం పాపం అనిపిస్తుంది నాకు.

కొబ్బరి చిప్ప

సమయం, ఓపిక ఉన్నవారు తప్పక చేయవలసింది ఇదే. ఇంట్లో దొరికే పదార్థాల్లో నాకు నచ్చిన ధ్వని కొబ్బరి చిప్పదే. ప్లాస్టిక్‌లో ఉండే కీచుమనే గుణం లేకుండా గట్టిదనం ఉంటుంది. స్వరం మొదలయ్యేటప్పుడు పొడిగా, తర్వాత నిండుగా పలుకుతుంది. సరోద్ వాద్యకారులు ఊరికే దాన్ని ఎంచుకోలేదు.

బాగా ముదిరిన కాయ చిప్పే కావాలి. లేత చిప్పకు గట్టిదనం చాలదు. మూడు కళ్లున్న వైపు వంపు ఎక్కువ కాబట్టి ఆ భాగాన్ని వదిలేసి, నడుము దగ్గర కాస్త చదునుగా ఉన్న చోటును ఎంచుకోండి. లోపల అంటుకున్న కొబ్బరిని, పైనున్న పీచును పాత కత్తితో పూర్తిగా గీకేయండి. పెన్సిల్‌తో పిక్ ఆకారం కాస్త పెద్దదిగా గీసి, చిప్పను బిగింపులో పట్టి హ్యాక్‌సా బ్లేడుతో కోయండి. చేత్తో పట్టుకుని కోస్తే బ్లేడు జారి వేలికి తగులుతుంది. సుత్తితో పగలగొట్టి ముక్క ఏరుకుందామనుకుంటే కంటికి కనపడని పగుళ్లు లోపల మిగిలిపోయి తర్వాత వాయిస్తున్నప్పుడు విరుగుతుంది.

చిప్ప మామూలుగా మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాన్ని పట్టుకునే చోట రెండున్నరకు, కొన దగ్గర ఒకటిన్నరకు తేవాలి. 80 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220, 400, 800, 1500 వరసలో పోండి. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే ముందరి కాగితం వదిలిన గీతలు ఎంత రుద్దినా పోవు. పొడి బాగా లేస్తుంది, ముక్కుకు మాస్కు కట్టుకోండి, లేదా తడిపి అరగదీయండి. పైభాగం కంటే లోపలి వైపు ఎక్కువగా అరగదీస్తే సహజమైన వంపు కొంత నిలుస్తుంది. ఆ పల్లంలో బొటనవేలి కండ ఒదిగిపోతుంది. రంధ్రాలూ గీతలూ ఏమీ లేకుండానే పట్టు దొరుకుతుంది, అదే ఈ పదార్థంలోని సొగసు.

చివరగా రెండు చుక్కల నూనె రాసి ఒక పూట వదిలేసి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. నూనె మిగిలితే తీగలకు అంటి ధ్వని మందగిస్తుంది.

ఐస్‌క్రీమ్ పుల్ల, చెక్క స్కేలు వంటివి ప్రయత్నించేవారు ఒక్కటి గుర్తుంచుకోండి. చెక్క పోగు పిక్ పొడవు వెంబడి, కొన వైపుకు సాగాలి. అడ్డంగా ఉంటే కొన విరిగి కింద పడుతుంది. మెత్తటి కలప త్వరగా అరిగిపోతుంది, గట్టి కలప ముక్క దొరికితేనే శ్రమ పడండి.

నాణెం: ఎప్పుడు, ఎవరికి?

నాణెం అనగానే అందరూ చెప్పే పేరు బ్రయాన్ మే. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బృందపు ఈ గిటారిస్టు పాత బ్రిటిష్ ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తారు. ఆ నాణెం 1980లో చలామణి నుంచి తప్పుకుంది. దాని వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, అంటే మామూలు పిక్ కంటే బాగా చిన్నది. చుట్టూ సన్నని గాళ్లున్న అంచు దాని ప్రత్యేకత. నాణేన్ని తీగకు సమాంతరంగా పట్టి మీటితే నున్నగా జారుతుంది, కాస్త పక్కకు తిప్పితే ఆ గాళ్లు తీగను గీరి ప్రతి స్వరానికీ ముందు ఒక గరగర చేరుతుంది. మాటల్లో హల్లులు ఎలాగో ఆ గరగర అలాగ. పట్టుకునే కోణం మార్చి దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

అయితే ఆయన వాయించేది ఎలక్ట్రిక్ గిటార్ అని మరవకండి. అకూస్టిక్ గిటార్ మీద నాణెం నాకు ఇష్టం లేదు. తీగల మీది కంచు చుట్టు అరుగుతుంది, చెయ్యి ఊపులో జారితే పైచెక్క మీద శాశ్వతంగా గీత పడుతుంది. నైలాన్ తీగలున్న క్లాసికల్ గిటార్ మీద అయితే లోహం అసలు వద్దు.

వాడదలచుకుంటే ముందు అయస్కాంతంతో పరీక్షించండి. అంటుకుంటే అందులో ఉక్కు ఉండే అవకాశం ఎక్కువ, అది తీగలకు గట్టి శత్రువు. అంటుకోనంత మాత్రాన మెత్తటిదని హామీ లేదు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అయస్కాంతానికి అంటదు. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన నాణేలు మేలు. అల్యూమినియం నాణెం తేలికగా ఉంటుంది గానీ తీగలకూ వేళ్లకూ బూడిదరంగు మరక పులుముతుంది. నాణేన్ని కోయడం, అరగదీయడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టే వాడండి. గిటార్ మీద చెయ్యి కదిలే మేర పారదర్శక ఫిల్మ్ అతికించడం మంచి ముందుజాగ్రత్త.

మెత్తటి ధ్వని కావాలంటే

బేస్ గిటార్, యుకలేలె (చిన్న గిటార్‌లాంటి వాద్యం) వాయించేవారికి ఫెల్ట్ పిక్కులు, అంటే ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ పిక్కులు, కొత్త కాదు. ఆ ధ్వనిని తోలుతో కూడా తేవచ్చు. పాత బెల్టు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల మందమైన ముక్క కోసి, కొనను మాత్రం కాస్త పల్చన చేయండి. కొత్తలో వదులుగా ఉంటుంది, వాడగా వాడగా కుదురుతుంది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరును పల్చటి బిళ్లగా కోసి మీటినా ఆశ్చర్యపోయేంత లోతైన, ‘టక్’ లేని స్వరం వస్తుంది. రాత్రిపూట ఎవరి నిద్రా చెడకుండా సాధన చేయడానికి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే తీగల మీద రబ్బరు పొడి మిగులుతుంది, తర్వాత తుడుచుకోండి.

వేదిక మీద పిక్ పోయి మరో దారి లేకపోతే విజిటింగ్ కార్డును నాలుగు మడతలు వేసి వాడండి. ఒక పాట గట్టెక్కుతుంది.

వీటిని ముట్టుకోకండి

టేబుల్ టెన్నిస్ బంతిని కోసి పిక్ చేయాలని కొందరికి తోస్తుంది. 2014కు ముందటి బంతులు సెల్యులాయిడ్‌వి, అవి నిప్పు తగిలితే భగ్గున మండుతాయి. చదును చేద్దామని మంట దగ్గర పెట్టారో చేతులు కాలతాయి. గాజుపెంకుల ఆలోచన అసలే వద్దు. ఆల్చిప్ప, ఎముక, కొమ్ము అందమైన పిక్కులవుతాయి గానీ వాటి పొడి ఊపిరితిత్తులకు హాని. మాస్కు, తడి అరగదీత రెండూ లేకుండా మొదలుపెట్టవద్దు.

గిటార్ మీద పరీక్ష

దూది పరీక్ష దాటిన పిక్‌ను ముందు లావు తీగ మీద నెమ్మదిగా కిందికీ పైకీ మీటండి. కీచుమంటే అంచు ఇంకా గరుకే. తర్వాత సన్న తీగ మీద చూడండి. అక్కడ చిక్కుకుంటున్నట్టు అనిపిస్తే కొన మరీ లోతుగా దిగుతోందన్నమాట. వేళ్ల బయట నాలుగైదు మిల్లీమీటర్లకు మించి కొన కనపడకుండా పట్టుకుని, పిక్‌ను తీగకు కొద్దిగా ఏటవాలుగా తిప్పండి. మందపాటి పిక్కులకు ఈ వాలు మరింత అవసరం.

ధ్వని మొద్దుగా ఉందని వెంటనే పారేయకండి. బ్రిడ్జి (పైచెక్క మీద తీగల్ని ఆనించే పట్టీ) వైపుకు రెండు అంగుళాలు జరిగి మీటి చూడండి, అదే పిక్ చురుగ్గా పలుకుతుంది. మరీ కీచుగా ఉంటే ఫ్రెట్ల (గిటార్ మెడ మీది లోహపు కడ్డీల) వైపుకు జరగండి. రెండు మూడు పిక్కుల్లో ఏది మేలో తేలకపోతే ఫోనును ఒకేచోట పెట్టి ఒకే చిన్న స్వరవరసను అన్నిటితోనూ రికార్డు చేయండి. కాసేపయ్యాక ఏది ఏదో చూడకుండా వినండి. వాయిస్తున్నప్పుడు చేతికి నచ్చినదీ వింటున్నప్పుడు చెవికి నచ్చినదీ ఒకటే కాకపోవచ్చు.

పది నిమిషాలు వాయించాక తెల్లటి గుడ్డతో తీగల్ని తుడిచి చూడండి. ప్లాస్టిక్ పొడి కనిపిస్తే పిక్ అరుగుతోంది, పరవాలేదు. లోహపు మెరుపు కనిపిస్తే తీగ గానీ నాణెం గానీ అరుగుతోంది, ఆ పిక్‌ను ఆ తీగల మీద ఆపేయండి.

కార్డు పిక్కుల కొన ఒకవైపే ఏటవాలుగా అరుగుతుంది. దాన్ని వెంటనే సరిచేయకండి. మీ చేతివాటం ఏ కోణంలో ఉందో ఆ అరుగుదలే చూపిస్తుంది. తర్వాత చేసే కొబ్బరి చిప్ప పిక్‌కు మొదటి నుంచీ అదే వాలు ఇవ్వండి.